ఏడు గంటల బ్యాచ్

హైదరాబాద్ అమీర్‌పేటలో ఏడు గంటల బ్యాచ్ అంటే ఏడింటికి వెళ్లే క్లాసు కాదు. ఆరున్నరకల్లా మెట్ల మీద వరుసలో ఉండాలి. ముందు చేరినవాళ్లకు బోర్డు కనిపించేది, వెనకబడినవాళ్లకు మైకులో గొంతు మాత్రమే వినిపించేది. మైత్రీవనం చుట్టుపక్కల భవనాల్లో, గోడకు వీపు ఆనించి, మోకాలి మీద నోటు పుస్తకం పెట్టుకుని జావా నేర్చుకున్నవాళ్లు ఇవాళ గచ్చిబౌలిలోనూ డాలస్‌లోనూ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఒక్కో హాల్లో వందల మంది. ఫ్యాన్ కింద చోటు దొరికితే అదృష్టం.

ఇప్పుడు అదే బ్యాచ్ ఫోనులో నడుస్తోంది. చెప్పేవాళ్లు చాలావరకు పాతవాళ్లే, వేళ కూడా పాతదే. వినేవాళ్లు మాత్రం సూర్యాపేటలోనో శ్రీకాకుళంలోనో ఇంట్లో మంచం మీద కూర్చుని వింటున్నారు. పగలు ఆన్‌లైన్ డిగ్రీ, పొద్దునా రాత్రీ ఆన్‌లైన్ కోర్సు, మధ్యలో ఇంటి పని. ఇది కరోనా తెచ్చిన అలవాటని చాలామంది అనుకుంటారు. గురువు ఎదురుగా లేకుండా చదువుకోవడం మాత్రం ఈ పేటలకు కొత్త కాదు. అమీర్‌పేట, పంజాగుట్ట, వాటిని ఆనుకున్న సోమాజిగూడ కలిసి నలభై ఏళ్లకు పైగా దూరంగా ఉన్న విద్యార్థికి చదువు పంపుతూనే ఉన్నాయి. మొదట పోస్టులో, తర్వాత ఇంటర్నెట్‌లో.

అంతకు ముందు ఇవి ఊరి బయటి తోటలు, గుట్టలు. అమీర్ అలీ అనే జాగీర్దారు పేరు మీద అమీర్‌పేట వెలిసిందని చెబుతారు. గుట్ట మీద ఉన్న పంజా గుర్తు వల్ల పంజాగుట్టకు ఆ పేరు వచ్చిందని స్థానికులు నమ్ముతారు. నగరం బేగంపేట దాటి సనత్‌నగర్ పారిశ్రామికవాడ వైపు పెరిగినప్పుడు ఈ రెండూ దారిలో పడ్డాయి. ఎటు నుంచి ఎటు వెళ్లే బస్సైనా ఇక్కడ ఆగేది. తర్వాతి కథకంతా ఆ బస్టాపే పునాది.

1977లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. అప్పటికి ఇంగ్లండ్‌లో ఓపెన్ యూనివర్సిటీ వచ్చి ఎనిమిదేళ్లయింది. భారతదేశంలో ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లోనే పోస్టు ద్వారా డిగ్రీ చెప్పడం ప్రారంభించింది. కానీ ఇవన్నీ కాలేజీకి వెళ్లే అర్హత ఉండి, వెళ్లే తీరిక లేనివాళ్ల కోసం పుట్టినవి. ఆ అర్హతే లేనివాడి సంగతేమిటి? పదో తరగతితో ఆగిపోయి బస్సు డిపోలో చేరినవాడు, పెళ్లయి బడి మానేసిన అమ్మాయి, సైన్యంలో చేరిపోయిన కుర్రాడు మళ్లీ చదవాలంటే ఏ గడప తొక్కాలి?

ఆ ప్రశ్నకు జవాబుగా 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంలో ఇదే మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది మూడేళ్ల తర్వాత, 1985లో. అప్పటి ముఖ్యమంత్రి భవనం వెంకట్రామ్ పట్టుబట్టి తెచ్చిన ఈ సంస్థకు తొలి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. కరీంనగర్ జిల్లాలో పుట్టి, ఉస్మానియాలో ప్రభుత్వ పాలనాశాస్త్రం బోధించి, అక్కడే వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన మనిషి. ఇక్కడ కట్టి చూపించిన పద్ధతినే ఆయన ఢిల్లీకి తీసుకెళ్లి ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. తెలుగు నేల దేశానికి నేర్పిన చదువు పద్ధతుల్లో ఇంత పెద్దది మరొకటి లేదు. దాన్ని మనం తగినంతగా చెప్పుకోలేదు.

తొలినాళ్లలో ఈ విశ్వవిద్యాలయం సోమాజిగూడ నుంచి పనిచేసింది. పంజాగుట్ట చౌరస్తా నుంచి నడిచి వెళ్లేంత దూరం. తర్వాత జూబ్లీహిల్స్‌లోని సొంత ఆవరణకు మారింది. 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టుకుంది. ఇంటర్ లేనివాళ్లు కూడా ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చన్నది అప్పట్లో దాని గొప్ప నియమం. పాఠాలు అచ్చు పుస్తకాలుగా ఇంటికి వచ్చేవి. తెలుగులో ఉండేవి, ఒంటరిగా చదివినా అర్థమయ్యేలా రాసినవి. ప్రతి పాఠం మొదట్లో ఏం తెలుసుకోబోతున్నామో, మధ్యలో ఎంతవరకు అర్థమైందో, చివర ఏం గుర్తుంచుకోవాలో ఉండేది. ఆ పుస్తకాల సత్తా విశ్వవిద్యాలయం గోడలు దాటిపోయింది. గ్రూప్స్‌కు చదివేవాళ్లు తెలుగు అకాడమీ పుస్తకాల పక్కన వీటిని పెట్టుకుని ఏళ్ల తరబడి చదివారు, ఇప్పటికీ చదువుతున్నారు.

రాంరెడ్డికీ ఆయన సహచరులకూ మరో సంగతి ముందే అర్థమైంది. పుస్తకం పంపితే చదువు పంపినట్టు కాదు. అందుకే ఊరూరా ప్రభుత్వ కాలేజీల్లో స్టడీ సెంటర్లు పెట్టారు, ఆదివారాలు కాంటాక్ట్ క్లాసులు నడిపారు. ఆకాశవాణిలో, దూరదర్శన్‌లో పాఠాలు చెప్పించారు. వారమంతా గుమాస్తాగానో కండక్టరుగానో పనిచేసిన మనిషి ఆదివారం బెంచీ మీద కూర్చున్నప్పుడు, తనలాంటివాళ్లు ఇంకా ముప్ఫై మంది ఉన్నారని కళ్లారా చూసేవాడు. ఆదివారం క్లాసు ఉంది కనుక శనివారం రాత్రి పుస్తకం తెరిచేవాడు. సందేహం తీరడం సరే, అసలు మేలు ఇదే.

పంజాగుట్ట నుంచి పోస్టులో వెళ్లిన చదువు ఇంకొకటి ఉంది. 1984లో హైదరాబాద్‌లో ఎన్.జె. యశస్వి నాయకత్వంలో ఇక్ఫాయ్ అనే సంస్థ మొదలైంది. నాగార్జున హిల్స్, పంజాగుట్ట అన్న చిరునామా దేశమంతటా బ్యాంకు ఉద్యోగుల, అకౌంటెంట్ల కవర్ల మీద కనిపించేది. ఆర్థిక విశ్లేషణ అనే విషయాన్ని ఇక్కడ అచ్చువేసిన పుస్తకాలతోనే వాళ్లు ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకున్నారు. అంటే 1980ల మధ్యలో ఈ రెండు మూడు కిలోమీటర్ల పరిధిలోనే ఒకవైపు బడి దూరమైనవాళ్ల కోసం తెలుగు పుస్తకాలు, మరోవైపు ఉద్యోగంలో ఎదగాలనుకున్నవాళ్ల కోసం ఇంగ్లీషు పుస్తకాలు తయారై పోస్టాఫీసుకు వెళుతుండేవి.

అప్పటికి అమీర్‌పేట ఇంకా కంప్యూటర్ వీధి కాలేదు. ఆ రోజుల్లో తెలుగు పట్టణాల్లో ఉద్యోగం కోసం నేర్చుకునే విద్య అంటే టైపు, షార్ట్‌హ్యాండ్. లోయర్, హయ్యర్ పరీక్షలు పాసైతే సర్కారు కొలువు. పొద్దున ఆరింటి నుంచి గంట చొప్పున మిషను ఇచ్చేవారు. కాలేజీకి ముందు ఒక గంట, ఆఫీసు తర్వాత ఒక గంట అని బ్యాచులు కట్టే ఆ పద్ధతి ఏ మార్పూ లేకుండా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లకు వచ్చింది. ఎన్ఐఐటీ, ఆప్టెక్ వంటి పెద్ద పేర్లు మధ్యతరగతికి ఖరీదైన కోర్సులు చెబుతుంటే, మైత్రీవనం పక్కన అద్దె గదుల్లో చిన్న ఇన్‌స్టిట్యూట్లు అందులో కొద్దిపాటి ఫీజుకే ఒక్కో సబ్జెక్టు విడిగా చెప్పడం మొదలుపెట్టాయి.

అప్పుడు వచ్చింది వైటూకే. పాత కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసినందువల్ల 2000వ సంవత్సరం రాగానే లెక్కలు తప్పుతాయన్న భయం. కోబాల్ భాషలో రాసిన ఆ పాత ప్రోగ్రాములను సరిచేయడానికి అమెరికాకు మనుషులు కావాలి, అదీ వెంటనే. మెయిన్‌ఫ్రేమ్ చూడనివాళ్లు కూడా అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్, డీబీటూ నేర్చుకుని విమానం ఎక్కారు. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. హెచ్-1బీ ఉద్యోగ వీసాల పరిమితిని అమెరికా 65,000 నుంచి 1999లో 1,15,000కు, 2001లో 1,95,000కు పెంచింది. అవతలి ఒడ్డున తలుపు తెరుచుకుంది. ఆ తలుపు దాకా తీసుకెళ్లే మెట్లు అమీర్‌పేటలో ఉన్నాయి.

ఆ తర్వాత ఈ వీధి గోడలు చూస్తే సాఫ్ట్‌వేర్ చరిత్ర తెలుస్తుంది. కోబాల్ బోర్డు తీసి జావా బోర్డు పెట్టారు. 2002లో డాట్‌నెట్ వచ్చింది, దాని ఫ్లెక్సీ వచ్చింది. ఒరాకిల్, ఎస్ఏపీ, విన్‌రన్నర్‌తో టెస్టింగ్, ఇన్ఫర్మాటికా, తర్వాత హడూప్, ఏడబ్ల్యూఎస్, డెవాప్స్, పైథాన్, డేటా సైన్స్. విశ్వవిద్యాలయంలో ఒక సిలబస్ మారడానికి ఏళ్లు పడితే, ఇక్కడ వారాల్లో పాంప్లెట్ మారిపోయేది. 2008లో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటాయి. పట్టా చేతికొచ్చినా పని రాని పిల్లలు ఏటా కుప్పలుగా ఇక్కడ దిగారు. ఎస్.ఆర్. నగర్, బల్కంపేట వీధుల్లో ఇళ్లు హాస్టళ్లయ్యాయి. ఆదిత్య ఎన్‌క్లేవ్, స్వర్ణజయంతి కాంప్లెక్స్, సత్యం థియేటర్ సందు — తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఈ పేర్లు సొంత ఊరి వీధుల్లా తెలుసు.

అమీర్‌పేట చదువు చెప్పిన తీరు నిదానంగా చూడదగ్గది. మొదటిది డెమో. కోర్సులో చేరేముందు ఒకటి రెండు క్లాసులు ఉచితంగా వినవచ్చు. నచ్చితే ఫీజు, లేకపోతే పక్క మెట్లెక్కడం. విద్యార్థే గురువుకు పరీక్ష పెట్టే ఈ ఆచారం ఏ కాలేజీలోనూ లేదు. పాఠం బాగా చెప్పలేని ఫ్యాకల్టీ రెండో బ్యాచ్ చూసేవాడు కాదు.

రెండోది రన్నింగ్ నోట్స్. సార్ చెప్పిన ప్రతి మాటా, బోర్డు మీద వేసిన ప్రతి ప్రోగ్రామూ చక్కటి దస్తూరీతో రాసుకున్న విద్యార్థి ఒకరు ప్రతి బ్యాచ్‌లో ఉండేవారు. కోర్సు అయ్యేసరికి ఆ నోటు పుస్తకం జిరాక్స్ షాపుకు చేరేది, స్పైరల్ బైండింగ్‌తో అమ్ముడయ్యేది. ఫలానా సార్ ఫలానా నోట్స్ అని అడిగితే షాపువాడు చూడకుండానే తీసి ఇచ్చేవాడు. ఆ నోట్స్ మంగళూరుకీ పుణెకీ పోస్టులో వెళ్లాయి, తర్వాత పీడీఎఫ్‌లై ప్రపంచమంతా తిరిగాయి. అయితే వాటిని కొన్న వందమందిలో పాఠం బాగా వంటబట్టింది ఎవరికంటే, రాసినవాడికి. చేత్తో రాయడమే అతని చదువు.

మూడోది రియల్ టైం ఫ్యాకల్టీ. పగలు ఏదో కంపెనీలో ప్రాజెక్టు చేసే ఇంజినీరు పొద్దున ఏడింటికి ఇక్కడ క్లాసు చెప్పి, తొమ్మిదింటికి ఆఫీసుకు వెళ్లేవాడు. నిన్న తన ప్రోగ్రాములో ఎక్కడ తప్పు దొర్లిందో ఇవాళ పాఠంలో చెప్పేవాడు. ఏడు గంటల బ్యాచ్‌కు అంత గిరాకీ రావడానికి ఇది ముఖ్య కారణం.

నాలుగోది రూము. నలుగురు పంచుకునే హాస్టల్ గదిలో ఒకడు ఒరాకిల్, ఒకడు టెస్టింగ్, ఒకడు జావా. రాత్రి భోజనాలయ్యాక ఒకరినొకరు ఇంటర్వ్యూ చేసుకునేవారు. ఇంటర్వ్యూకి వెళ్లొచ్చినవాడు అడిగిన ప్రశ్నలన్నీ కాగితం మీద పెట్టేవాడు, తెల్లారేసరికి అది పక్క గదులకూ చేరేది. ఉద్యోగం వచ్చినవాడు చొక్కా కూడా అరువిచ్చి పంపేవాడు. ఏ ఇన్‌స్టిట్యూట్ ప్రకటనలోనూ లేని, ఎవరూ ఫీజు తీసుకోని పాఠం ఇది. అమీర్‌పేట గెలుపులో సగం ఈ గదులదే.

లోపాలు లేవని కాదు. చేయని ఉద్యోగానికి అనుభవ పత్రాలు అమ్మిన దళారులున్నారు, గ్యారంటీ ఉద్యోగమని డబ్బు కట్టించుకుని మాయమైనవాళ్లున్నారు. ఇరుకు మెట్లు, గాలి ఆడని గదులు ఉన్నాయి. 2001 మాంద్యంలో అమెరికా నుంచి తిరిగొచ్చి మళ్లీ అవే బెంచీల మీద కూర్చున్నవాళ్లున్నారు. 2004లో వీసాల పరిమితి తిరిగి 65,000కు పడిపోయింది. ఒకే కోర్సు మీద, ఒకే దేశం మీద ఆశ పెట్టుకోవడం ఎంత ప్రమాదమో ఆ రెండు మూడేళ్లు చూపించాయి.

ఈ వీధి తెర మీదికి ఎక్కింది కూడా అమెరికా వల్లే. అక్కడికి చదువుకు వెళ్లిన పిల్లలకు, డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉండిపోయిన ఆడవాళ్లకు అమీర్‌పేట సార్లే కావాలి. హైదరాబాద్‌లో ఉదయం ఆరున్నర అయితే న్యూజెర్సీలో వేసవిలో ముందురోజు రాత్రి తొమ్మిది. పిల్లలు పడుకునే వేళ. ఇన్‌స్టిట్యూట్ గదిలో ఒక మూల హెడ్‌సెట్ పెట్టుకున్న సార్ ఎవరూ లేని గదితో మాట్లాడుతుంటే, అటువైపు పదిహేను ఇళ్లలో తెలుగు గృహిణులు వింటుండేవారు. 2015 మేలో హెచ్-4 అనే ఆ డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లలో కొందరికి అమెరికా పని అనుమతి ఇవ్వడం మొదలుపెట్టాక, ఆ తరగతులు చాలామందికి నేరుగా జీతమయ్యాయి. ఆన్‌లైన్ క్లాసులో నిలబడి గెలిచిన మొదటి తెలుగు విద్యార్థుల్లో వీళ్లు ముందువరస. ఒక చేత్తో ఇల్లు చూసుకుంటూ, రెండో చేత్తో నోట్స్ రాసుకున్నారు.

ఇటువైపు 2016 సెప్టెంబరులో జియో రావడంతో పల్లెల్లో డేటా చౌకైంది. దుర్గా సాఫ్ట్‌వేర్ సొల్యూషన్స్, నరేష్ ఐ టెక్నాలజీస్ వంటి అమీర్‌పేట పేర్లు యూట్యూబ్‌లోకి వచ్చాయి. మెట్ల మీద వరుసలో నిలబడకుండానే అదే గొంతు, అదే ఉదాహరణలు. 2017 నవంబరు 28న మెట్రో ప్రారంభమైనప్పుడు అమీర్‌పేట రెండు దారులు కలిసే పెద్ద స్టేషన్ అయింది. మనుషులు రావడానికి ఇంత వీలు ఎప్పుడూ లేదు, రావలసిన అవసరం తగ్గడం కూడా అప్పుడే మొదలైంది.

2020 మార్చి 25ను ఈ వీధి మరచిపోలేదు. ముందురోజు రాత్రి దేశమంతా లాక్‌డౌన్ ప్రకటించారు. హాస్టళ్లు ఖాళీ చేయమన్నారన్న మాట పాకింది. అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్ చుట్టుపక్కల పోలీసు స్టేషన్ల ముందు ఊరికి పోయే అనుమతి పత్రం కోసం కుర్రాళ్లు బారులు తీరారు. పత్రం దొరికినవాళ్లు బండ్ల మీద విజయవాడ దారి పట్టి, రాష్ట్రాల సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గంటల తరబడి ఆగిపోయారు. హాస్టళ్లు ఎవరినీ ఖాళీ చేయించకూడదని ప్రభుత్వం చెప్పేసరికే చాలామంది రోడ్డు మీద ఉన్నారు. వీపున బ్యాగులో లాప్‌టాప్, రెండు జతల బట్టలు, సగంలో ఆగిన కోర్సు. కొన్ని వారాల్లోనే ఆ కోర్సుల మిగతా సగం ఫోన్లలో పూర్తయింది. ఎన్నో గదులకు మాత్రం వాళ్లు తిరిగి రాలేదు.

ఆ ఏడాదే చదువు చట్టాలూ మారాయి. 2020 జూన్‌లో ఐఐటీ మద్రాసు ప్రోగ్రామింగ్, డేటా సైన్స్‌లో ఆన్‌లైన్ డిగ్రీ ప్రకటించింది. సెప్టెంబరులో యూజీసీ దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల కొత్త నిబంధనలు తెచ్చింది. గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమని 2022లో స్పష్టం చేసింది. 2017లో మొదలైన ‘స్వయం’ ఆన్‌లైన్ వేదికలోని కోర్సుల పరీక్షలకు, ఐఐటీ మద్రాసు డిగ్రీ పరీక్షలకు కేంద్రానికి వెళ్లి కూర్చోవలసిందే. పాఠం ఇంట్లో, పరీక్ష బయట. 1980ల్లో సార్వత్రిక విశ్వవిద్యాలయం విద్యార్థి ఎలా రాశాడో, ఇప్పటి విద్యార్థీ అలాగే రాస్తున్నాడు.

మధ్యలో జారిపోయింది మాత్రం ఒకటుంది. ఆదివారం కాంటాక్ట్ క్లాసు, ఆరున్నర వరుస, హాస్టల్ గది — విద్యార్థిని లేపి కూర్చోబెట్టినవి ఇవి. రికార్డు చేసిన పాఠం ఎవరినీ లేపదు. ఎప్పుడైనా చూడొచ్చు అన్న సౌకర్యమే దాని బలహీనత. రేపు చూద్దామన్న వీడియోలు పరీక్ష ముందు వారంలో ఇరవై పోగుపడతాయి. నిలబడుతున్న ఆన్‌లైన్ విద్యార్థులను గమనిస్తే, తెలిసో తెలియకో అమీర్‌పేటను ఇంట్లో కట్టుకున్నవాళ్లే కనిపిస్తారు. రికార్డింగ్ ఉన్నా ఏడింటికే కూర్చుంటారు. వీడియో ఆపి ఆపి చేత్తో రాస్తారు. ఫీజు కట్టేముందు రెండు పాఠాలు ఉచితంగా విని చూస్తారు, యూజీసీ గుర్తింపు ఉందో లేదో వాళ్ల జాబితాలో సరిచూసుకుంటారు. అసైన్‌మెంట్ గడువు రాత్రి కరెంటు పోతుందని తెలిసి ముందురోజే పంపేస్తారు. ఇద్దరు ముగ్గురు కలిసి వాట్సాప్ కాల్‌లో రాత్రి ప్రశ్నలు వేసుకుంటారు. అదే వాళ్ల హాస్టల్ గది.

మైత్రీవనం దగ్గర బోర్డులు ఇంకా ఉన్నాయి, పాంప్లెట్లు ఇంకా చేతిలో పెడుతున్నారు. సత్యం థియేటర్ స్థలంలో 2023లో కొత్త మల్టీప్లెక్స్ వచ్చింది. పాత హాళ్లు కొన్ని చిన్న స్టూడియో గదులయ్యాయి. ఒక కెమెరా, ఒక డిజిటల్ బోర్డు, ఒక సార్.

అవతల వినేవాళ్లలో చాలామందికి సొంత గది లేదు, ముఖ్యంగా ఆడపిల్లలకు, కోడళ్లకు. క్లాసు జరుగుతుండగానే పాలవాడు వస్తాడు, చుట్టం వస్తాడు, పొయ్యి మీద అన్నం చూడమన్న కేక వస్తుంది. ఇంట్లోనే ఉంది కదా, ఖాళీయే కదా అనుకుంటారు. అమీర్‌పేట వెళ్లిన అన్నను ఆ గంటలో ఎవరూ పిలవలేదు, ఎందుకంటే అతను కనిపించేవాడు కాదు. మీ ఇంట్లో ఎవరైనా ఆన్‌లైన్‌లో చదువుతుంటే ఆ ఒక్క గంట తలుపు దగ్గరగా వేసి, వాళ్లు అమీర్‌పేట వెళ్లారనుకోండి.